దేవమాలి నుంచి కాంగేర్ ఘాటీ దాకా: ఏడు రోజుల ప్యాకేజీ గిట్టుబాటేనా?

ఒడిశాలోని జయపురం, కోరాపుట్ ట్రావెల్స్ ఆఫీసుల్లో ఏ గుమ్మం ఎక్కినా చేతిలో పెట్టే కాగితం దాదాపు ఒకటే. ఏడు రోజులు, ఆరు రాత్రులు. దేవమాలి శిఖరం, పుట్సిల్, డుడుమ జలపాతం, ఒనకడిల్లీ సంత, గుప్తేశ్వర్ గుడి, నేతకి పేరున్న కోట్‌పాడ్, ఆఖర్న రాష్ట్రం దాటి ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని కాంగేర్ ఘాటీ నేషనల్ పార్కు. విశాఖ, విజయనగరం, బరంపురం నుంచి వచ్చే తెలుగువాళ్లే ఎక్కువగా కొంటారు. ఈ సమీక్ష ఏ ఒక్క ఆఫీసు మీదా కాదు, ఆ సరుకు మీద.

ముందే మార్కులు వేసేస్తాం. బండికీ డ్రైవరుకీ పదికి ఎనిమిది. గైడుకి అయిదు. డేరాలకి నాలుగు. రోజుల వరసకి మాత్రం సున్నా. ఆ వరస మార్చి ఇమ్మంటే చాలామంది కాదనరు, ఎందుకంటే వాళ్లకి ఖర్చేమీ పెరగదు. అడగనివాళ్లకి మాత్రం పాత కాగితమే.

ఎప్పుడు వెళ్లాలన్నది అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి. కాంగేర్ ఘాటీలోని కుటుంసర్ గుహలోకి వానాకాలంలో నీళ్లు చేరతాయి. మామూలుగా జూన్ మధ్యలో మూసేసి, నేల ఆరాక నవంబరు నాటికి తెరుస్తారు. జలపాతాల సంగతి తిరగేసిన లెక్క. వాటి ఒళ్లు నిండేది ఆగస్టు నుంచి అక్టోబరు వరకు, మే వచ్చేసరికి అదే పార్కులోని తీరథ్‌గఢ్ జలపాతం రాతి మీద సన్నటి దారాల్లా వేలాడుతుంది. రెండూ ఒకే ప్రయాణంలో దక్కే సందు చిన్నది: నవంబరు రెండో సగం, డిసెంబరు మొదటి సగం. అరకులో చూసే పసుపుపచ్చ వలిసె పూలు కోరాపుట్ మెట్టల మీద కూడా పూసేది ఆ రోజుల్లోనే. అక్టోబరులో దసరా సెలవులకి ఈ ప్యాకేజీ అమ్మేవాళ్లు గుహ గురించి నోరెత్తరు. "గుహ మూసి ఉంటే బదులుగా ఏం చూపిస్తారు?" అని రాతపూర్వకంగా అడగండి.

ఇక డబ్బు లెక్క. మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది బండి దగ్గరే. ఔట్‌స్టేషన్ అద్దెలో రోజుకి కనీసం 250 కిలోమీటర్లకి కట్టాలన్న షరతు మామూలే. ఏడు రోజులకి 1750 కిలోమీటర్లు అన్నమాట. కానీ ఈ దారిలో నిజంగా తిరిగేది, ఖాళీ బండి కోరాపుట్ తిరిగొచ్చే దూరం కలిపినా, 900 దాటదు. కోరాపుట్ నుంచి దేవమాలి 60 చిల్లర, జయపురం 22, జయపురం నుంచి గుప్తేశ్వర్ ఇంచుమించు 58, జగదల్‌పూర్ 80. కొండ రోడ్డు కాబట్టి గంటలు పడతాయి తప్ప కిలోమీటర్లు పెరగవు. అందుకని కిలోమీటరు రేటు వద్దు. రోజు అద్దె, డీజిల్ మన ఖర్చు, డ్రైవరు బత్తా వేరే, ఈ పద్ధతిలో మాట్లాడుకోండి. మైలేజీ కొండల్లో తగ్గుతుంది కాబట్టి డీజిల్ లెక్క కొంచెం ఉదారంగానే వేసుకోవాలి.

పసుపు నంబరు ప్లేటు ఉందా, ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉందా అని కూడా చూడండి. తెల్ల ప్లేటు బండి చవగ్గా వస్తుంది. కానీ అద్దెకి తిప్పుతుండగా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. పర్మిట్ లేని బండైతే రాష్ట్రం దాటేచోట ఆ పన్ను ఎవరు కడతారన్న పేచీ కూడా అక్కడే మొదలవుతుంది.

రైల్లో వచ్చేవాళ్లకి ఒక హెచ్చరిక. దేవమాలికి దిగాల్సిన ఊరు సెమిలిగూడ, కోరాపుట్ జిల్లాలో సునాబెడ పక్కన ఉంది. కొత్తవలస–కిరండూల్ లైన్లో అరకు దగ్గర కనిపించే శిమిలిగూడ స్టేషన్ అది కాదు, ఇది ఆంధ్రాలోనిది. పేరు చూసి ఇక్కడ దిగితే ఏజెన్సీ స్టేషన్లో ఆటో కోసం కూర్చోవాలి. రైలు దిగాల్సింది కోరాపుట్‌లో. రోడ్డు మీద వచ్చేవాళ్లకి సాలూరు, సుంకి ఘాటీ, పొట్టంగి మీదుగా సెమిలిగూడ దారిలోనే తగులుతుంది.

ఇప్పుడు వరస. ప్యాకేజీలు సోమవారం మొదలై ఆదివారం ముగుస్తాయి. దాంతో కాంగేర్ ఘాటీ సరిగ్గా ఆదివారానికి పడుతుంది. జగదల్‌పూర్ ఊరు ఊరంతా తీరథ్‌గఢ్ మెట్ల మీదే ఉండే రోజు అది. ఒక్క రోజు ముందుకి జరిపి ఆదివారం సాయంత్రం కోరాపుట్ చేరేలా పెట్టుకుంటే అన్నీ కుదురుతాయి. సోమవారం జనం పలచబడిన దేవమాలి, మంగళవారం పుట్సిల్, బుధవారం తేలిగ్గా కోరాపుట్ జగన్నాథ ఆలయం, కొలాబ్ డ్యాం చూసుకుని జయపురం. గురువారం ఒనకడిల్లీ సంత, ఈ రోజు మాత్రం కదపడానికి వీల్లేదు, సంత గురువారమే. శుక్రవారం గుప్తేశ్వర్, శనివారం కుటుంసర్ గుహ.

దేవమాలి దగ్గర కొంచెం ఆగుదాం, మాట తేడా ఎక్కువగా కనిపించేది ఇక్కడే కాబట్టి. 1672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరం. కాగితం మీద 'దేవమాలి ట్రెక్' అని రాసి ఉంటుంది. నిజానికి రోడ్డు శిఖరం దగ్గరిదాకా వెళ్లిపోతుంది, బండి దిగి కాసేపు నడిస్తే నెత్తిన ఉంటాం. దాన్ని ట్రెక్ అనడం, సింహాచలం బస్సులో వెళ్లి మెట్లెక్కానని చెప్పడం లాంటిదే. నడవాలనుకునేవాళ్లు కింది ఊరి నుంచి కాలిబాటన తీసుకెళ్లమని ముందే ఒప్పందంలో రాయించుకోవాలి. సెమిలిగూడ చుట్టుపక్కల పీఠభూమి ఉరమరగా 900 మీటర్ల ఎత్తు. కింద ఎక్కడ మొదలుపెట్టారన్నదాన్ని బట్టి ఆరేడు వందల మీటర్ల ఎక్కుడు ఉంటుంది. అలవాటు లేనివాళ్లు గంటకి మూడు వందల మీటర్ల ఎత్తు ఎక్కితే గొప్ప, విశ్రాంతులతో కలిపి మూడు గంటలు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు మోసుకోవాలి. పైనంతా గడ్డి మెట్టలు, చెట్టు నీడ దొరకదు. చలికాలంలో గాలి చల్లగా ఉండి దాహం తెలియదు, తల దిమ్మెక్కాక తెలుస్తుంది.

ఎక్కేటప్పుడు ఊపిరి, దిగేటప్పుడు బొటనవేళ్లు. ఎర్ర కంకర మట్టి మీద గులకరాళ్లు పూసల్లా జారతాయి. దిగుడు మొదలుపెట్టే ముందు బూటు మడమని నేలకి రెండు దెబ్బలు కొట్టి, పాదం వెనక్కి జరిగాక, చీలమండ దగ్గరి లేసు బిగించాలి. వేళ్ల దగ్గర కాస్త వదులుగానే ఉంచాలి. ఈ పని చేయనివాళ్ల పాదం ముందుకి జారి గోరు బూటుకి కొట్టుకుంటూ ఉంటుంది, రెండో రోజుకి నల్లబడుతుంది. రెండు రోజుల ముందే గోళ్లు కత్తిరించుకుంటే సగం బాధ తప్పుతుంది. కొత్త బూట్లు ఈ ప్రయాణంలో ప్రారంభోత్సవం చేయకండి.

సూర్యోదయం చూపిస్తామన్న ప్యాకేజీలో సెమిలిగూడ నుంచి బండి కదిలే టైము ఆరు అని రాసి ఉంటే, అది సూర్యోదయం కాదు, టిఫిన్ టైము. నాలుగింటికి కదలాలి. లోయల్లో మబ్బు పాలపొంగులా కనిపించేది ఎండ తగలకముందే, ఎండెక్కేకొద్దీ విడిపోతుంది.

డేరాల సంగతి. ఇచ్చేవి చవక రకం, దాన్ని పెద్ద తప్పుగా చూడం. వేయడం రాకపోవడం మాత్రం తప్పే. ఆ మెట్టల మీద మట్టి పలచన, చాలాచోట్ల జానెడు దిగకముందే బండ తగులుతుంది. డేరాతోపాటు వచ్చే సన్న కమ్మీ మేకులు సుత్తి దెబ్బకి వంగిపోతాయి. కుర్రాళ్లు వంగిన మేకుల్నే ఏటవాలుగా గుచ్చి వెళ్లిపోతారు, రాత్రి గాలి లేవగానే పైగుడ్డ ఊడి టపటపా కొట్టుకుంటుంది. చేయాల్సింది ఇది: తాడు కొసని పిడికిలంత రాయికి రెండు చుట్లు చుట్టి, ఆ రాయికి డేరా వైపున, తాడు మీద తలకాయంత రాయి ఇంకోటి పెట్టాలి. లాగేకొద్దీ చిన్న రాయి పెద్దదానికి ఆనుకుని మరింత బిగుసుకుంటుంది. గుమ్మం గాలికి ఎదురుగా కాకుండా వెనక్కి ఉండాలి. కింద పరిచే పట్టా అంచులు డేరా బయటికి కనిపించకూడదు. కనిపిస్తే పైగుడ్డ మీంచి కారిన మంచు ఆ అంచు మీద పడి లోపలికి, సరాసరి పరుపు కిందికి చేరుతుంది.

చలేస్తోందని గాలి కిటికీలు మొత్తం మూసేస్తారు చాలామంది. తెల్లవారుజామున మొహం మీద చుక్కలు పడితే డేరా కారుతోందని ఆపరేటర్‌ని తిడతారు. అది వాన కాదు, మన ఊపిరిలోని ఆవిరే చల్లటి గుడ్డకి తగిలి నీరై కారుతుంది. పైన కిటికీ రెండు వేళ్ల మేర తెరిచి ఉంచాలి.

స్లీపింగ్ బ్యాగు మీద రెండు అంకెలుంటాయి. 'లిమిట్' అన్నది ముడుచుకుని పడుకుంటే ఎలాగో గడిచిపోయే చలి. నిద్ర పట్టే చలి 'కంఫర్ట్' అంకె. డిసెంబరు, జనవరిలో సెమిలిగూడ, పొట్టంగి వైపు పది డిగ్రీల కిందికి దిగడం మామూలే కాబట్టి కంఫర్ట్ అయిదు డిగ్రీలున్నది అడగండి. సగం చలి పైనుంచి కాదు, నేల నుంచి వస్తుంది. ఒక చాప మీద ఇంకో చాప వేస్తే దుప్పటి కంటే బాగా పనిచేస్తుంది.

పుట్సిల్ నడక ఈ వారంలో అందరికీ నచ్చేది, పెద్దవాళ్లని కూడా తీసుకెళ్లొచ్చు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ తోటలు, చలికాలంలో ఎర్రటి పండ్లు. తోటల్లో పండ్లు తెంపకండి. మనకి సరదా, వాళ్లకి తూకం.

గురువారం. జయపురం నుంచి ఒనకడిల్లీ దూరమే. ఏడింటికి బయల్దేరితే సంత నిండే వేళకి చేరతారు. కొండ దిగి వచ్చే బొండా మహిళల్ని చూపిస్తామనే ప్యాకేజీ దీన్ని అమ్ముకుంటుంది, మాకు ఈ మొత్తం కాగితంలో నచ్చని వాక్యం అదే. బొండాలు ప్రత్యేకంగా బలహీన గిరిజన సమూహాల జాబితాలో ఉన్నవాళ్లు. సంతకి వచ్చేది వాళ్ల సరుకు అమ్ముకుని ఉప్పూ పప్పూ కొనుక్కోవడానికి. కెమెరా సంచిలోనే ఉంచండి, డబ్బులిచ్చి ఫొటో తీయించుకునే బేరం గైడు కుదిర్చినా ఒప్పుకోకండి. చోళ్లు, కందులు, అల్లం, చీపుర్లు కొనండి. చిల్లర నోట్లు తీసుకెళ్లాలి. లమ్తాపుట్ దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఫోన్‌తో డబ్బు కట్టడాన్ని నమ్ముకోవద్దు.

అక్కడికి దగ్గర్లోనే డుడుమ, నూట యాభై మీటర్లకి పైగా ఒక్క దూకు. ఫొటోలో చూసినంత నీరు లేదని చాలామంది అసంతృప్తితో తిరిగొస్తారు. కారణం తెలిస్తే ఆపరేటర్‌ని తిట్టరు. పైన జోలాపుట్‌లో నిలవచేసిన నీటిని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రానికి మళ్లిస్తారు. 1955 నుంచి ఒడిశా, ఆంధ్ర పంచుకుంటున్న కరెంటు అది. వాగులు పొంగి నీరు మిగిలినప్పుడే జలపాతం నిండుగా దూకుతుంది. వానాకాలం చివర్లో పొగమంచు లేని రోజు దొరికితే అదృష్టం. చూడాల్సింది వ్యూ పాయింటు నుంచే. లోయలోకి దారి ఉందని చెప్పే కుర్రాడి వెంట పడకండి, పాచి రాళ్ల మీద జారితే మోసుకురావడానికి దారి లేదు. అన్నట్టు మాచ్‌ఖండ్ అన్నది మన పాడేరు వైపు మత్స్యగుండమే. ఆ నదే కిందికెళ్లి సీలేరు అవుతుంది.

గుప్తేశ్వర్ విషయంలో ప్యాకేజీలు ఇంకో పొరపాటు చేస్తాయి. దానికి రోజంతా ఇచ్చి, కోట్‌పాడ్‌ని కుటుంసర్ గుహ చూసే రోజులో ఇరికిస్తాయి. దానివల్ల గుహకి చేరేసరికి మధ్యాహ్నం మూడవుతుంది, చివరి జట్టు లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. శుక్రవారం గుప్తేశ్వర్‌కి తెల్లారే వెళ్లి ఒంటిగంటకల్లా జయపురం తిరిగొస్తే, బొరిగుమ్మ మీదుగా మూడింటికి కోట్‌పాడ్, చీకటి పడేసరికి జగదల్‌పూర్. మ్యాప్‌లో చూస్తే గుప్తేశ్వర్ నుంచి నది దాటితే చాలు, అటువైపు ఛత్తీస్‌గఢే కదా అనిపిస్తుంది. బండి పోయే దారిగా దాన్ని లెక్కలో వేసుకోకండి, వెనక్కి జయపురం వచ్చే వెళ్లాలి. రామగిరి అడవిలో చీకటి పడ్డాక ప్రయాణం పెట్టుకోవద్దు.

గుప్తేశ్వర్‌లో సంపెంగ చెట్ల మధ్య మెట్లెక్కితే సున్నపురాయి గుహలో శివలింగం. చుట్టూ ఉన్న అడవిని 2024లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. లోపల గబ్బిలాలున్నాయి, అరవకండి, ఫ్లాష్ కొట్టకండి. శివరాత్రి వారంలో అయితే ఈ ప్యాకేజీయే వద్దు. కింద పారే కొలాబ్ నీళ్లు నిశ్చలంగా కనిపిస్తాయి గాని రాళ్ల మధ్య మడుగులు లోతు. కొలాబ్ అంటే పరాయి నది కాదు, కూనవరం దగ్గర గోదావరిలో కలిసే మన శబరే.

కోట్‌పాడ్ నేతకి 2005లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అసలు రంగు ఆల్ చెట్టు వేరు నుంచి తీస్తారు, అందుకే మెరూన్, ముదురు గోధుమ ఛాయలే ప్రధానం, తెల్లది అద్దకం లేని నూలు. మెరిసే గులాబీ, చిలకపచ్చ కోట్‌పాడ్ చీర చూపిస్తే అది రసాయన రంగు. డ్రైవరు ఆపిన షాపులో కాకుండా మిర్గాన్ నేతగాళ్ల ఇళ్ల దగ్గర కొంటే ధర తేడా కనిపిస్తుంది.

కాంగేర్ ఘాటీ 1982లో నేషనల్ పార్కు అయింది, విస్తీర్ణం 200 చదరపు కిలోమీటర్లు. పులుల కోసం వెళ్లే పార్కు కాదిది. గుహలు, వాగులు, సాల చెట్లు, మాట అనుకరించే బస్తర్ గోరింక. గేటు దగ్గర మనిషికి, బండికి, గైడుకి విడివిడిగా కట్టాలి. ప్యాకేజీలో 'ఎంట్రీ ఫీజుతో కలిపి' అని ఉంటే వాటిలో ఏవి కలిపారో విడదీసి రాయించుకోండి. గొడవలన్నీ ఆ ఒక్క మాట దగ్గరే.

బొర్రా గుహలు చూసినవాళ్లు కుటుంసర్‌ని అలాగే ఊహించుకుని వస్తారు. బొర్రాది పెళ్లిమండపం లాంటి వాకిలి, లోపల రంగురంగుల దీపాలు. ఇక్కడ మనిషి ఒదిగి దిగాల్సిన చీలిక, నిటారు మెట్లు, గైడు చేతిలో దీపం తప్ప చీకటి. లోపల చలిగా ఉంటుందనుకుంటారు గాని ఉక్కపోత, గాలి ఆడదు. ఉబ్బసం ఉన్నవాళ్లు, ఇరుకు భయం ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు బయట ఆగడమే మంచిది. లోపలికెళ్లి మధ్యలో వెనక్కి తిరుగుదామంటే వెనకాల పదిమంది ఉంటారు. స్వెట్టరు బండిలోనే వదిలేయండి, మురికయినా పర్వాలేదనుకునే బట్టలు వేసుకోండి, చెప్పులు వద్దు. తలకి కట్టుకునే లైటు ఒకటి సొంతానిది ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. సున్నపు ఊడల్ని ముట్టుకోవద్దని గైడు పదిసార్లు అంటాడు. చేతి జిడ్డు అంటిన చోట నీటిలోని సున్నం సరిగ్గా పేరుకోదు, ఊడ ఎదుగుదల అక్కడే దెబ్బతింటుంది. నీటి గుంటల్లో కళ్లు లేని చిన్న చేపలుంటాయి, వాటికోసం దీపం అదేపనిగా పట్టమనకండి.

గుహ పొద్దున, తీరథ్‌గఢ్ మధ్యాహ్నం, ఈ క్రమం తప్పొద్దు. తీరథ్‌గఢ్ తొంభై మీటర్ల చిల్లర, మెట్టుమెట్టుగా దూకుతుంది. దిగేటప్పుడు తెలియదు గాని ఎక్కడానికి అరగంట పడుతుంది. కోతులు చేతిలోని ప్యాకెట్ లాక్కుంటాయి. చిత్రకోట్‌ని కూడా అదే రోజుకి తగిలించే ప్యాకేజీలున్నాయి. అది జగదల్‌పూర్‌కి రెండో వైపు దాదాపు 40 కిలోమీటర్లు. ఇంకో రోజు ఉంటేనే వెళ్లండి, పరుగెత్తి చూసే జలపాతం కాదది.

తిండి విషయంలో ప్యాకేజీ వంటవాడు మూడు పూటలా పనీర్, రోటీ పెడతాడు. వద్దని చెప్పి, పొద్దున జయపురంలో వడ మీద గుగ్నీ (బఠాణీ కూర) పోయించుకోండి, దారిలో చోడంబలి అడగండి, దొరికినచోట అడ్డాకులో వెదురు కొమ్ముల కూర. జీలుగు కల్లు మాత్రం నడక రోజున వద్దు. జయపురం, కోరాపుట్‌లలో తెలుగు చెల్లుతుంది. జగదల్‌పూర్‌లో హిందీ కావాలి. ఊళ్లలో అక్కడి మాట దేశియా వచ్చిన గైడు లేకపోతే దారి అడగడం కూడా కష్టమే, అందుకే గైడు ఏ ఊరివాడని అడగమంటాం. టౌను కుర్రాడైతే మార్కులు తగ్గించాం.

ఇది మలేరియా జోరుగా ఉండే ప్రాంతం. గది ఎంత బాగున్నా దోమతెర పట్టుకెళ్లండి, సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా వేసుకోండి. పాము కరిస్తే నాటు మందు జోలికి పోకుండా, కాలు కదపనివ్వకుండా, ఒడిశా వైపైతే కోరాపుట్ షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇంటికి చేరాక నెలలోపు జ్వరం తగిలితే ఒక మాత్ర వేసుకుని పడుకోకండి. ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకి చెప్పి రక్త పరీక్ష చేయించుకోండి. కొండ జ్వరం మన పట్నం డాక్టరుకి మొదట తట్టకపోవచ్చు.

అడ్వాన్సు మూడో వంతుకి మించి ఇవ్వకండి. ఇంకో మూడో వంతు గురువారం రాత్రి జయపురంలో, మిగతాది శనివారం గుహలోంచి బయటికొచ్చాక.